నగల పెట్టెకు గుడ్డ అతికించాక మూత పట్టడం లేదు, పైఅట్ట పళ్ళెంలా వంగింది

అడయార్_అట్టపెట్టె

నమస్కారమండీ. ఇంట్లో చేత్తో చేసే గుడ్డ నగల పెట్టె గురించి మూడు సందేహాలు. కొలతలన్నీ ముందే ఇచ్చేస్తున్నాను. అన్నీ ఎంఎంలోనే.

అట్ట 2 ఎంఎం గ్రే బోర్డు. పెట్టె లోపలి కొలత 180 × 120, లోతు 60. గోడలు అడుగు అట్ట మీద నిలబెట్టినవి, కాబట్టి బయటి కొలత 184 × 124. మూత విడిగా తొడిగేది: లోపలి కొలత 186 × 126, గోడ 25. బయట రా సిల్కు, లోపల నల్ల వెల్వెట్టు. జిగురు ఫెవికాల్, నీళ్ళు కలపలేదు.

ఒకటి, ఉత్త అట్టలుగా ఉన్నప్పుడు మూత జారినట్టు దిగింది, గుడ్డ వేశాక సగంలో బిగుసుకుంటోంది. రెండు, మూత పైఅట్ట నాలుగు మూలలూ పైకి లేచి పళ్ళెంలా తయారైంది. మూడు, సిల్కు మీద అక్కడక్కడ నూనె పడ్డట్టు ముదురు మచ్చలు.

ఇందులో పెట్టబోయేవి వెండి పట్టీలు, ముత్యాల దండ, నాలుగు జతల జుంకాలు, ఉంగరాలు. మళ్ళీ మొదటినుంచి కోయడానికి సిద్ధమే. కత్తి పట్టుకునే ముందు ఏం మార్చాలో చెప్పండి.

కొలతబద్ద

ముందు మూత సంగతి చూద్దాం. మీరు అట్టకూ అట్టకూ మధ్య 2 ఎంఎం వదిలారు, గుడ్డకు చోటు వదల్లేదు. పెట్టె గోడకు బయట ఒక పొర, మూత గోడకు లోపలికి మడిచిన పొర ఒకటి. అంటే ఒక పక్కన రెండు పొరలు, ఎదుటి పక్కన ఇంకో రెండు. రా సిల్కు వెనక ఫ్యూజింగ్ (ఇస్త్రీతో అంటుకునే అడ్డు గుడ్డ) వేస్తే పొర అర ఎంఎం దాకా వస్తుంది. నాలుగు పొరలకే మీ 2 ఎంఎం అయిపోయింది. ఇక మూత కదలడానికి ఖాళీ ఎక్కడుంది?

లెక్క ఇలా వేయండి: పెట్టె అట్టల బయటి కొలతకు గుడ్డ మందాన్ని నాలుగు రెట్లు చేసి కలపాలి, దాని మీద ఇంకో 1 ఎంఎం కదలికకు. మీకు 184 + 2 + 1 = 187, 124 + 2 + 1 = 127. బయట కూడా వెల్వెట్టే అయితే పొర 1 ఎంఎం చొప్పున 4 + 1, అంటే 189 × 129. గుడ్డ మారిన ప్రతిసారీ మూత కొలత మారుతుంది. సిల్కుకు కోసిన అట్టల మీద వెల్వెట్టు వేయకూడదు.

మందం కొలవడానికి పెద్ద పరికరాలేం అక్కర్లేదు. ఫ్యూజింగ్ వేసేసిన గుడ్డను చిన్న ముక్కలుగా పది పొరలు పేర్చి, పైన స్టీలు స్కేలు గట్టిగా అదిమి, ఎత్తు చూసి పదితో భాగించండి.

ఇంకో రెండు చోట్ల మూత పట్టేస్తుంది. ఒకటి, మూత గోడ లోపలికి మడిచే గుడ్డ 15 ఎంఎం దగ్గర ఆగిపోతే ఆ అంచు మెట్టులా నిలబడి పెట్టెకు తగులుతుంది. 25 ఎంఎం గోడకు మడత 25 నిండా దిగి, పైఅట్ట లోపలి ముఖం మీద ఇంకో 8 దాకా పాకాలి. రెండు, మూలల దగ్గర మడత మీద మడత పడి మూడు పొరలు అవుతాయి. అక్కడ లోపలికి వెళ్ళే గుడ్డను ఏటవాలుగా కోసి, అంచులు పక్కపక్కన ఆనేలా చేయాలి తప్ప ఒకదాని మీద ఒకటి ఎక్కనివ్వకూడదు. బిగుతుగా ఉన్న మూతను బలవంతంగా నొక్కితే మొదట చిరిగేది కూడా ఆ మూలే.

బెంగళూరు_బక్రం

మచ్చలు నూనె కాదండీ, జిగురే. రా సిల్కు నేత వదులుగా ఉంటుంది. పలచటి జిగురైనా, మందంగా రాసిన జిగురైనా పోగుల సందుల్లోంచి పైకి ఎక్కుతుంది. ఎండాక అక్కడ కాంతి వేరేగా పడుతుంది, అదే మీకు ముదురు మచ్చలా కనిపిస్తోంది. ఎండిన ఫెవికాల్ సిల్కులోంచి పోదు. తడిగుడ్డతో రుద్దితే నీటి మరక అదనం. ఆ ముక్క పక్కన పెట్టేయండి.

మందు ఒక్కటే, గుడ్డకు వెనక అడ్డు వేయడం. టైలరింగ్ సామాన్ల అంగట్లో ఫ్యూజింగ్ అని అడిగితే ఇస్తారు, ఒక వైపు చిన్న చిన్న జిగురు చుక్కలు ఉంటాయి. పలచటి రకం తీసుకోండి, షర్టు కాలరుకు వేసే గట్టిది వద్దు, మూలల్లో మడత పడదు. గుడ్డను పెట్టె ముక్కలుగా కోయకముందే మొత్తానికి వేయాలి. ఇస్త్రీపెట్టె సిల్కు వేడి మీద, ఆవిరి లేకుండా, పైన పలచటి నూలుగుడ్డ పరిచి, ఒక్కో చోట 10 నుంచి 12 సెకన్లు అదిమి ఎత్తాలి. జరపకూడదు. జరిపితే నేత వంకరై, చారలున్న గుడ్డ పెట్టె మీద ఏటవాలుగా కనిపిస్తుంది. చల్లారేదాకా కదపకండి, వేడిగా ఉండగానే ఎత్తితే బుడగలు వస్తాయి.

జరీ ఉన్న జాకెట్టు ముక్క వాడేవాళ్ళు ముందు అంచున ఒక అంగుళం మీద చూసుకోవాలి. ఇప్పుడు దొరికే జరీలో చాలామటుకు పాలిస్టర్ మీద లోహపు పూత. వేడెక్కితే ముడుచుకుంటుంది, పక్కన పట్టు ముడుచుకోదు, దాంతో అంచు అలలు అలలుగా అయిపోతుంది. పాత పట్టుచీర ముక్కలైతే వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. ఏళ్ళ తరబడి ఒకే మడత మీద ఉన్న చోట పోగులు విరిగి ఉంటాయి. ఆ గీత పెట్టె అంచు మీదికి వచ్చిందా, నెల తిరిగేసరికి చిట్లుతుంది.

బటర్‌పేపర్

ఫెవికాల్ అట్ట మీద రాయాలా, గుడ్డ మీద రాయాలా? మందంగానా, పలచగానా?

మైలాపూర్_మడత

అట్ట మీదే. గుడ్డ మీద రాస్తే అది తడిసి సాగుతుంది, సాగిన గుడ్డ ఎండాక బిగుసుకుని అట్టను లాగుతుంది. మడతలకు మాత్రం గుడ్డ అంచున రాయక తప్పదు.

నాలుగు పాళ్ళు ఫెవికాల్, ఒక పాలు నీళ్ళు. రెండంగుళాల స్పాంజి రోలరుతో రాస్తే పొర సమానంగా పడుతుంది. అట్ట రంగు జిగురులోంచి మసగ్గా కనిపించాలి. తెల్లగా మూసుకుపోయిందంటే ఎక్కువైనట్టు. కుంచెతో రాస్తే గీతలు పడతాయి, సిల్కు పైనుంచి ఆ గీతలు తెలుస్తాయి.

గుడ్డ మీద అట్టను దించాలి, అట్ట మీదికి గుడ్డను కాదు. గుడ్డను బల్ల మీద బోర్లా పరిచి, కొలత గీతలు వెనక పెన్సిలుతో గీసుకుని, జిగురు రాసిన అట్టను గీత మీద ఒక్కసారి పెట్టి నొక్కండి. తిప్పి, పైన బటర్ పేపరు వేసి, మధ్యనుంచి అంచులకు బోన్ ఫోల్డరుతోనో (మడతలు నొక్కే చదునైన పుల్ల) స్టీలు గరిటె వెనకతోనో తోయండి. కాగితం లేకుండా నేరుగా సిల్కు మీద రుద్దితే మెరుపు చారలు పడతాయి, అవి పోవు.

ఫ్యాన్ ఆపండి. చెన్నై ఎండల్లో ఫ్యాన్ కింద ఫెవికాల్ రెండు నిమిషాల్లో పొర కట్టేస్తుంది, అట్ట సరిచేసుకునే వ్యవధి ఉండదు.

మూలమట్టం

పళ్ళెంలా వంగడానికి కారణం చెప్తాను, ఎందుకంటే అది తెలిస్తేనే మళ్ళీ రాకుండా ఉంటుంది. జిగురులోని తడి అట్ట పైపొరలోకి దిగి దాన్ని ఉబ్బిస్తుంది. తరువాత జిగురూ గుడ్డా ఆరుతూ కుంచించుకుపోతాయి. లాగేది ఒక్క పైవైపే, కింద ఎదురు లాగేది ఏమీ లేదు. అందుకే అట్ట ఎప్పుడూ గుడ్డ వేసిన వైపుకే లోతు పడుతుంది. మీరు చెప్పిన లక్షణం అదే. విరుగుడు, లోపలి ముఖానికి కూడా అదే జిగురుతో కాగితమో గుడ్డో అతికించడం. మూత పైఅట్ట లోపల 100 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు అన్ని గ్రాముల బరువు) కాగితం ఒక్క పొర చాలు, దాని మీద వెల్వెట్టు లైనింగు తరువాత విడిగా రావచ్చు. రెండు వైపులూ ఒకే రోజు అతికించాలి. ఇవాళ పైన, వచ్చే వారం లోపల అంటే ఈలోపే వంగిపోతుంది.

అట్టకు నార దిశ ఉంటుంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. షీటును రెండు చేతులతో కొంచెం వంచి చూడండి. ఒక దిశలో సులువుగా వంగుతుంది, ఇంకో దిశలో మొండికేస్తుంది. సులువుగా వంగినప్పుడు ఏర్పడే మడత గీత ఎటు ఉంటే నార అటు. తేమ తగిలితే అట్ట నారకు అడ్డంగా ఎక్కువ సాగుతుంది, నార వెంబడి చాలా తక్కువ. పైఅట్టకు, అడుగు అట్టకు, లోపలి కాగితానికి నార ఒకే దిశలో, అంటే పొడుగు వైపు, అంటే మీ 184 వైపు ఉండాలి. కాగితం అడ్డంగా పడితే రెండూ రెండు దిక్కులకు లాగి అట్ట మెలి తిరుగుతుంది. మెలి తిరిగిన దాన్ని బరువు పెట్టి సరిచేయలేం.

పళ్ళెంలా వంగినది అయితే ఇంకా దారి ఉంది. లోపలి ముఖాన్ని తడి స్పాంజితో ఒక్కసారి తుడిచి, కాగితం అతికించి, బటర్ పేపర్ల మధ్య పెట్టి, పైన నాలుగైదు కిలోల బరువుతో 24 గంటలు ఉంచండి. అచ్చు వేసిన వార్తాపత్రిక మాత్రం అడ్డు పెట్టకండి, తడికి సిరా సిల్కుకు ఎక్కుతుంది.

ఈ చర్చలో ఇంతవరకూ ఎవరూ అనలేదు గానీ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల రోజుల్లో చెన్నైలో కొని తెచ్చిన అట్టను వెంటనే కోయకండి. పని చేసే గదిలోనే రెండు రోజులు బల్ల పరుపుగా ఉంచి, అప్పుడు కోయండి. అంగట్లో చుట్ట చుట్టి ఇస్తామంటే వద్దనండి.

బెంగళూరు_బక్రం

దీనికి ఇక్కడి అనుభవం జోడిస్తాను. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, మార్చి, ఏప్రిల్ నెలల్లో గాలి బాగా పొడిగా ఉంటుంది. ఇక్కడ బిగుతుగా సరిపోయిన మూత చెన్నై వెళ్తే పట్టేస్తుంది. అందుకని అక్కడికి పంపే పెట్టెకు కదలిక 1 బదులు 1.5 వదలాలి.

తెల్లముత్యం

అందరూ బయటి గుడ్డ గురించే మాట్లాడుతున్నారు. నాకు లోపలి నల్ల వెల్వెట్టు మీద బెంగ. వెండి పట్టీలు పెడతామన్నారు కదా.

వెండి నల్లబడేది గంధకం వల్ల. గాలిలోని హైడ్రోజన్ సల్ఫైడ్ చాలు, పెట్టె లోపలి సామగ్రి నుంచి కూడా వస్తే ఇంకా త్వరగా. నూలు గుడ్డకు నలుపు వేయడానికి గంధకపు రంగులు విరివిగా వాడతారు. కాబట్టి నల్ల నూలు వెల్వెట్టు వెండికి మంచిది కాదు. పాలిస్టర్ వెల్వెట్టుకు వేసే రంగులు వేరే రకం, అది నయం. కొనేటప్పుడు ఒక పోగు లాగి నిప్పు చూపండి: నూలైతే కాగితంలా కాలి బూడిదవుతుంది, పాలిస్టరైతే కరిగి గట్టి ఉండ కడుతుంది. ఉన్ని ఫెల్టు అసలు వద్దు, ఉన్నిలోనే గంధకం 3 నుంచి 4 శాతం ఉంటుంది. పట్టులో దాదాపు ఉండదు, అందుకే లోపల లేత రంగు పట్టు వేస్తే వెండికి మేలు. రబ్బరు సొల్యూషన్, రబ్బరు బ్యాండ్లు, రబ్బరు షీట్లు కూడా పెట్టెలోకి రానివ్వకండి.

అనుమానం ఉన్న గుడ్డను పరీక్షించవచ్చు. మ్యూజియంలవాళ్ళు దీనికి ఒక పద్ధతి పాటిస్తారు, 1973లో బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసిన ఆండ్రూ ఆడీ రూపొందించినది. వెండి, సీసం, రాగి ముక్కలను పరీక్షించే వస్తువుతో కలిపి, తేమతో, గాజు గొట్టంలో మూసి 60 డిగ్రీల వేడిలో 28 రోజులు ఉంచుతారు. ఇంట్లో అంత అక్కర్లేదు. మూత బిగుతుగా ఉండే గాజు సీసాలో గుడ్డ ముక్క, బాగా తోమిన చిన్న వెండి వస్తువు, తడిపి పిండిన దూది ఉండ ఒక మూల పెట్టి, అన్నీ ఒకదానికొకటి తగలకుండా మూడు వారాలు వెచ్చని చోట ఉంచండి. గుడ్డ లేకుండా ఇంకో సీసా కూడా పక్కనే పెట్టాలి, పోల్చి చూడటానికి. గుడ్డ ఉన్న సీసాలో వెండి పసుపుగానో గోధుమ రంగుగానో మారితే ఆ గుడ్డ వద్దు.

ముత్యాలకు శత్రువు వేరు. ఫెవికాల్ లాంటి జిగుళ్ళు ఆరేటప్పుడూ, ఆ తరువాత కొంతకాలమూ వెనిగర్ ఆవిరి లాంటి ఆమ్లం వదులుతాయి. ముత్యం కాల్షియం కార్బొనేటు, ఆమ్లానికి మెరుపు పోతుంది. పెట్టె పూర్తయ్యాక మూత తీసి కనీసం పది రోజులు గాలి తగలనివ్వండి. ముక్కు పెట్టి చూసినప్పుడు పుల్లటి వాసన వస్తే ఇంకా ఆగండి.

ప్యారిస్_కాగితం

జిగురు గురించి ఒక మాట. మైదా ఉడికించి అందులో మైలుతుత్తం కలిపి వాడితే పురుగు పట్టదు, బైండింగువాళ్ళు పాతకాలం నుంచీ చేసేది అదే. ఫెవికాల్ కన్నా నెమ్మదిగా ఆరుతుంది, సరిచేసుకోవడానికి వీలు.

తెల్లముత్యం

పుస్తకానికి సరే, నగల పెట్టెకు వద్దండీ. మైలుతుత్తం అంటే కాపర్ సల్ఫేటు. ఆమ్ల గుణం ఉంది, పైగా విషం. పిల్లలు తిరిగే ఇంట్లో వంట గిన్నెలో ఉడికించే పదార్థం కాదు. అది కలపకపోతే చెన్నై తేమకు మైదా బూజు పడుతుంది, సిల్వర్‌ఫిష్ పురుగులకు అదే భోజనం. గాలిలో తేమ 65, 70 శాతం దాటి అలాగే ఉంటే బూజు మొలుస్తుంది, చెన్నైలో అది మామూలే. నెమ్మదిగా ఆరడం కావాలంటే ఫెవికాల్‌కు ఇంకాస్త నీళ్ళు కలిపి, ఒక్కో ముఖం ఒక్కోసారి అతికించుకోవడం మేలు.

కలరా ఉండలు కూడా పెట్టకండి. ఆ ఆవిరి మళ్ళీ గడ్డకట్టి నగల మీద, జరీ మీద పొరలా పేరుకుంటుంది.

సూదిదారం

సిలికా జెల్ పొట్లాలు నాలుగైదు పడేస్తే సరిపోదా, ఇన్ని జాగ్రత్తలెందుకు?

తెల్లముత్యం

ఈ పెట్టెకు 10 గ్రాముల పొట్లం ఒక్కటి చాలు, అదీ వెండి ఉన్న అరలో. ముత్యంలో సహజంగానే కొంచెం నీరు ఉంటుంది. మరీ ఎండగట్టేస్తే పగుళ్ళు వస్తాయి. రంగు మారే గుళికలు కొనండి, మారాక 110 డిగ్రీల ఓవెన్‌లో గంటన్నర ఉంచితే మళ్ళీ పనిచేస్తాయి. నీలం గుళికల్లో కోబాల్టు ఉంటుంది, నారింజ రంగువి తీసుకోండి. అయితే తేమ కన్నా ముందు గంధకాన్ని ఆపాలి. నల్ల నూలు వెల్వెట్టు వేసి సిలికా జెల్ పెట్టడం వల్ల ఒరిగేది తక్కువ.

అడయార్_అట్టపెట్టె

చాలా ఉపయోగంగా ఉందండీ. వెల్వెట్టు ముక్క కాల్చి చూస్తే బూడిదే వచ్చింది, నూలే. పాలిస్టర్ వెల్వెట్టు, కొత్త అట్ట ఎక్కడ కొనాలి? లోపలి లైనింగు ముక్కల కొలతలు కూడా చెప్తారా? మొదటిసారి అట్టలు 120, 180 అనే కోశాను, లోపల పట్టలేదు.

ప్యారిస్_కాగితం

అట్టకూ కాగితాలకూ చెన్నైలో ప్యారిస్ కార్నర్ దగ్గర ఆండర్సన్ వీధి. శుభలేఖల అంగళ్ళ మధ్యలోనే అట్టలు, చేతి కాగితాలు అమ్మేవాళ్ళు ఉంటారు. 2 ఎంఎం గ్రే బోర్డు అని అడగండి, కొందరు కప్పా బోర్డు అంటారు. స్ట్రా బోర్డు చౌకగా వస్తుంది గానీ పసుపు పచ్చగా, పెళుసుగా ఉంటుంది, మూల తగిలితే పొరలు లేస్తుంది. తీసుకోకండి. గుడ్డలకు అక్కడికి దగ్గర్లోనే గోడౌన్ వీధి. బెంగళూరువాళ్ళకైతే కాగితానికి సుల్తాన్‌పేట, అవెన్యూ రోడ్డు, గుడ్డకు చిక్‌పేట.

మైలాపూర్_మడత

లైనింగు లెక్క. లోపల 300 జీఎస్‌ఎం కార్డు వాడండి, మందం 0.4 దాకా ఉంటుంది. పాలిస్టర్ వెల్వెట్టు 1 ఎంఎం అనుకుందాం. బయటి సిల్కు పైఅంచు మీదుగా లోపలికి దిగింది కదా, అది పక్కకు అర ఎంఎం చొప్పున తింటుంది.

పొడుగు గోడల లైనింగు: 180 లోంచి సిల్కుకు 1, కార్డు రెండు చివర్లకు చుట్టుకునే వెల్వెట్టుకు 2 తీస్తే 177. పొట్టి గోడలవి పొడుగు లైనింగుల మధ్య కూర్చోవాలి: 120 లోంచి సిల్కుకు 1, అటూ ఇటూ ఉన్న లైనింగుకు 1.4 చొప్పున 2.8, సొంత వెల్వెట్టుకు 2 తీస్తే 114. ఎత్తు రెండింటికీ 56. పైన రెండు ఎంఎం సిల్కు గీతలా కనిపిస్తుంది, అందంగానే ఉంటుంది. అడుగు కార్డు 174 × 114, దాని మీద పలచటి పాలిస్టర్ వాడింగ్ (దూదిలాంటి మెత్త) ఒక పొర, పైన వెల్వెట్టు.

వరుస: పొడుగు గోడలు, పొట్టి గోడలు, చివర అడుగు. అడుగు చివర్లో దిగితే గోడల కింది అంచులన్నీ దాని మెత్త కింద దాగిపోతాయి.

వెల్వెట్టు బొచ్చు నాలుగు గోడలకూ పైనుంచి కిందికే వాలాలి. అరచేత్తో నిమిరి, నున్నగా పోయే దిశకు వెనక బాణం గుర్తు పెట్టుకుని అప్పుడు కోయండి. ఒక గోడ తిరగబడితే ఆ ఒక్కటే వేరే రంగులా కనిపిస్తుంది.

కొలతబద్ద

వరుస దగ్గర నేను ఒప్పుకోను. ఉంగరాల చుట్టలు (ఉంగరాలు మధ్యలో దూర్చే మెత్తటి చుట్టలు) బిగించే పెట్టెకు అడుగు ముందు వేసి, గోడల లైనింగు దాని మీద నిలబెట్టాలి. ఉంగరం లాగిన ప్రతిసారీ చుట్టతో పాటు అడుగు కార్డు కూడా లేస్తుంది. పైన గోడలు తొక్కిపట్టి ఉంటే లేవదు. అప్పుడు అడుగు 177 × 117 కోసి, వాడింగ్ మాత్రం 170 × 110 వేయాలి. అంచుల దాకా మెత్త ఉంటే గోడలు కుదురుగా నిలబడవు. గోడల ఎత్తు 56 బదులు 54.

మైలాపూర్_మడత

ఉంగరాలకు అది సరే, ఒప్పుకుంటాను. చుట్టలు లేని అరకు నేను చెప్పిన వరుసే.

సూదిదారం

ఉంగరాల చుట్టలకు ఏం వాడతారు? స్పాంజినా?

కొలతబద్ద

పసుపు స్పాంజి వద్దు. మామూలు పాలియూరిథేన్ ఫోమ్ తేమకు కొన్నేళ్ళలో జిగటై, పొడిపొడిగా రాలి, వెల్వెట్టులోంచి బయటికి వస్తుంది. పాలిస్టర్ వాడింగ్ 200 జీఎస్‌ఎం తీసుకుని 114 వెడల్పు పట్టీని గట్టిగా చుడుతూ 13 ఎంఎం లావు రాగానే కత్తిరించి దారం కట్టండి. వెల్వెట్టు ముక్క 144 × 57. పొడుగున చుట్టి, అంచు కింద వైపు కుట్టి, రెండు కొసలూ లోపలికి ముడిచి బిగించాలి. ఒక్కో చుట్ట 15 ఎంఎం అవుతుంది. ఆరు చుట్టలు పక్కపక్కన పెడితే 90 ఎంఎం, మీ పెట్టెలో సరిగ్గా సగం. మిగతా సగంలో ముత్యాలు, పట్టీలు వేరు వేరు అరల్లో. మధ్య గోడ తప్పకుండా పెట్టండి, లేకపోతే చివరి చుట్ట పక్కకు జరిగి అన్నీ వదులైపోతాయి.

జుంకాలకు 2 ఎంఎం అట్ట పలకకు వెల్వెట్టు చుట్టి, సన్నటి దబ్బనంతో బొక్కలు వేసి నిలువుగా నిలబెడితే బుట్టలు నలగవు. బొక్క గుడ్డ వేశాకే వేయండి, ముందే అట్టకు వేస్తే తరువాత చోటు దొరకదు.

బటర్‌పేపర్

గాజులకు ఈ లోతు చాలుతుందా అన్నా?

కొలతబద్ద

చాలదు. రెండూ ఆరు గాజు లోపలి వ్యాసం 60 ఎంఎం, రెండూ ఎనిమిదిది 63.5. గాజు మందం 4 వేసుకుంటే బయటి కొలత 68 నుంచి 72. గాజులకు లోపల కనీసం 80 లోతు కావాలి. గాజులు ఎక్కించే కడ్డీకి గుడ్డల తానులోంచి వచ్చే అట్టగొట్టం, వెల్వెట్టు చుట్టాక 45 లావు ఉండేలా. గాజు కడ్డీ మీద వేలాడి కిందికి దిగుతుంది, కాబట్టి కడ్డీ నడిమి గీత అడుగు నుంచి 48 ఎత్తులో పెట్టండి. పెట్టె ఎత్తుకు సరిగ్గా మధ్యలో పెడితే గాజులు అడుగుకు రాసుకుంటాయి. కడ్డీని గోడకు అతికించకండి, చివరలకు పైనుంచి దిగే గాడి ఉండాలి, గాజులు ఎక్కించాలి కదా.

సూదిదారం

మూత విడిగా కాకుండా పుస్తకంలా తెరుచుకునేలా చేయాలంటే?

మూలమట్టం

ఇదే పెట్టె కొలతకు చెప్తాను. విడిగా మూడు అట్టలు: అడుగు 190 × 127, వీపు 190 × 62, మూత 190 × 127. పక్కలకు 3, ముందుకు 3 బయటికి వస్తాయి. గుడ్డ మీద ఈ మూడింటినీ వరుసగా పెట్టాలి. అడుగుకూ వీపుకూ మధ్య 3, వీపుకూ మూతకూ మధ్య 4 సందు. చుట్టూ 20 మడత కలిపితే గుడ్డ 363 × 230. జాకెట్టు ముక్క ఒక్కటి చాలు, ఇంకా మిగులుతుంది. మూలల్లో గుడ్డను ఏటవాలుగా కోసేటప్పుడు అట్ట కొసనుంచి 3 ఎంఎం వదిలి కోయండి. కొసకు ఆనించి కోస్తే అట్ట బయటపడుతుంది, 6 వదిలితే ముద్దలా లేస్తుంది.

4 సందును తక్కువ చేయకండి. 2 పెడితే మూత మూసినప్పుడు వెనక నిక్కుకుని ముందు వైపు లేస్తుంది. సందులోకి గుడ్డను బోన్ ఫోల్డరుతో బాగా దించి, లోపలి వైపు కూడా 50 వెడల్పు గుడ్డ పట్టీ అతికించాలి. ఆ పట్టీ అతికించేటప్పుడు మూత మూసి ఒకసారి, తెరిచి ఒకసారి చూసుకోండి. బల్లపరుపుగా పెట్టి బిగించి అతికిస్తే మూసినప్పుడు చిరుగుతుంది.

మూత వెనక్కి వాలిపోకుండా రిబ్బను. కీలు నుంచి 60 దూరంలో గోడకు ఒక కొస, మూతకు 60 దూరంలో ఇంకో కొస. 100 డిగ్రీల దగ్గర ఆగాలంటే మధ్య పొడవు 92, రెండు కొసలూ లైనింగు కింద దూరడానికి 15 చొప్పున కలిపి 122. రెండు రిబ్బన్లూ ఒకేసారి కోయండి, 2 ఎంఎం తేడా వచ్చినా మూత ఒక పక్కకు మెలి పడుతుంది. లైనింగు అతికించే ముందే ఇవి దూర్చాలి.

ముందు వైపు పట్టుకు 10 × 2 ఎంఎం అయస్కాంతాలు. అట్టలో బొక్క కోసి అరాల్డైట్ జిగురుతో దించి, పైన పలచటి కాగితం, దాని మీద గుడ్డ. ఎదుటి వైపు అయస్కాంతం బదులు ఇనుప వాషరు పెట్టండి, ధ్రువాలు తలకిందులయ్యే పొరపాటే ఉండదు. వాషరును అయస్కాంతానికి తగిలించి చూసుకోండి, ఇత్తడిదీ కొన్ని రకాల స్టీలుదీ పట్టవు.

అడయార్_అట్టపెట్టె

ప్రస్తుతానికి తొడిగే మూతే చేస్తాను. రేపు కోయబోయే ముక్కలు ఇవి, ఒకసారి చూడండి. పెట్టె: అడుగు 184 × 124, పొడుగు గోడలు 184 × 60 రెండు, పొట్టి గోడలు 120 × 60 రెండు. మూత: పైఅట్ట 191 × 131, పొడుగు గోడలు 191 × 25 రెండు, పొట్టి గోడలు 131 × 25 రెండు. పెట్టె చుట్టూ సిల్కు పట్టీ 620 × 100.

కొలతబద్ద

రెండు దిద్దుబాట్లు. మూత పొట్టి గోడలు 131 కాదు, 127. పెట్టెలో లాగానే పొడుగు గోడల మధ్య కూర్చోవాలి. 131 పెడితే లోపలి కొలత మారిపోయి మళ్ళీ మొదటికి వస్తాం. సిల్కు పట్టీ 620 చాలదు. చుట్టుకొలత 616, అతుకు మీద అతుకు 15, మూలలు తిరిగేటప్పుడు గుడ్డ మందానికి ఇంకో 4. అంటే 635 కోయండి. 100 వెడల్పు సరిపోతుంది: కింద 15, గోడ 62, పైఅంచు 2, లోపలికి 20 పోగా 1 మిగులుతుంది. అతుకు వెనక గోడ మధ్యలో రావాలి, మూల మీద కాదు.

మూలమట్టం

గోడలు నిలబెట్టేటప్పుడు లోపలి మూలలకు 25 వెడల్పు క్రాఫ్టు కాగితం పట్టీలు వేయండి, మూలమట్టం ఆనించి అరగంట కదపకండి. ఆరాక అంచులను 150 నంబరు ఎమరీ కాగితంతో ఒక్కసారి రుద్ది, పొడి దులిపి, అప్పుడు సిల్కు. బ్లేడు కొత్తది వేసుకోండి. 2 ఎంఎం అట్టను ఒక్క దెబ్బకు కోయబోతే కింది అంచు లోపలికి జారుతుంది, నాలుగైదు సార్లు తేలిగ్గా గీస్తే నిలువుగా తెగుతుంది.

అడయార్_అట్టపెట్టె

127, 635 దిద్దుకున్నాను. పైఅట్ట లోపలి కాగితం నార కూడా పొడుగు వైపే పెడుతున్నాను.